ముందు పెద్ద బ్రేకులు వేశాక వెనక ఏం చేయాలి?

మీరు చెప్పిందాన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. మీది ఫ్రంట్ వీల్ డ్రైవ్ టర్బో హ్యాచ్‌బ్యాక్. ముందు ఉన్న 280 మి.మీ. డిస్కులు, సింగిల్ పిస్టన్ క్యాలిపర్లు (ప్యాడ్‌లని డిస్కుకి నొక్కే భాగాలు) తీసేసి 330 మి.మీ. డిస్కులు, ఫోర్ పిస్టన్ క్యాలిపర్లు, పట్టు ఎక్కువున్న స్పోర్ట్స్ ప్యాడ్‌లు వేయించారు. వెనక ఫ్యాక్టరీ సరుకే ఉంది. ఇప్పుడు పెడల్ తాకగానే పట్టేస్తోంది గానీ, ముక్కు మునుపటికంటే ఎక్కువ దిగుతోంది, తడి రోడ్డు మీద ముందు చక్రాలకి ఏబీఎస్ (చక్రాలు లాక్ అయి, అంటే తిరగడం ఆగి, జారకుండా చూసేది) త్వరగా వచ్చేస్తోంది, ఆగే దూరం తగ్గకపోగా పెరిగినట్టుంది. మీ మిత్రుడు ప్రపోర్షనింగ్ వాల్వ్ (వెనక బ్రేకులకి పోయే ప్రెషర్ మరీ పెరగకుండా చూసేది) తీసేయమన్నారు. కిట్ అమ్మినవాళ్లు వెనకకి కూడా ఫోర్ పిస్టన్ కిట్ తీసుకోమన్నారు. ఏది చేయాలి అన్నది మీ ప్రశ్న.

రెండూ వద్దండి. వెనక ప్యాడ్‌లు మార్చండి, వాల్వ్ ఉన్నచోటే ఉండనివ్వండి. ఎందుకో చెప్పాలంటే కొంచెం లెక్క వేయాలి. హైస్కూలు స్థాయి లెక్కే. ఇది వేయకుండా బ్రేకుల మీద డబ్బు పెట్టేవాళ్లను చాలామందిని చూశాను, ఎక్కువమందికి బండి మునుపటికంటే పాడయ్యింది.

మొదట బరువు సంగతి. బ్రేక్ వేసినప్పుడు బండి బరువులో కొంత వెనక టైర్ల మీద నుంచి ముందు టైర్ల మీదకి వస్తుంది. ఎంత వస్తుందన్నది మూడింటి మీద ఆధారపడుతుంది: ఎంత గట్టిగా ఆపుతున్నారు, గురుత్వ కేంద్రం నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, వీల్‌బేస్ ఎంత. ఎత్తుని వీల్‌బేస్‌తో భాగించి, దాన్ని బండి బరువుతోనూ, ఎన్ని జీ లతో ఆపుతున్నారో (జీ అంటే గురుత్వ త్వరణం, వేగం ఎంత చురుగ్గా తగ్గుతోందో దానితో కొలుస్తారు) దానితోనూ గుణిస్తే వచ్చేదే ముందుకి మారిన బరువు. మీ బండిలాంటిదానికి 1400 కిలోలు, ముందు 60 శాతం, వెనక 40 శాతం, వీల్‌బేస్ 2.6 మీటర్లు, గురుత్వ కేంద్రం ఎత్తు 0.52 మీటర్లు అనుకుందాం. ఎత్తు, వీల్‌బేస్‌ల నిష్పత్తి 0.2.

పొడి రోడ్డు మీద 1 జీ తో ఆపితే 280 కిలోలు ముందుకి వస్తాయి. నిలబడి ఉన్నప్పుడు 840, 560 ఉన్నది 1120, 280 అవుతుంది. అంటే 80/20. సగం జీ తో ఆపితే 70/30. బాగా జారే రోడ్డు మీద 0.3 జీ దగ్గరే టైరు పట్టు అయిపోతే సుమారు 66/34. బ్రేకు పని కూడా సరిగ్గా ఇదే నిష్పత్తిలో పంచుకుంటే నాలుగు టైర్లూ ఒకేసారి తమ పట్టు అంచుకి చేరతాయి. చిక్కేమిటంటే ఆ నిష్పత్తి స్థిరంగా ఉండదు, క్యాలిపర్లూ డిస్కులూ మాత్రం ఒకే నిష్పత్తికి కట్టుబడి ఉంటాయి. బ్రేక్ బ్యాలెన్స్ గురించిన గొడవంతా ఈ తేడా దగ్గరే మొదలవుతుంది.

ఇక బ్రేకు వైపు లెక్క. ఒక చక్రం మీద పుట్టే బ్రేక్ టార్క్ నాలుగింటి గుణకారం: లైన్‌లో ప్రెషర్, పిస్టన్ వైశాల్యం, ప్యాడ్ ఘర్షణ గుణకం, డిస్క్ మీద ప్యాడ్ పట్టుకునే చోటు వ్యాసార్ధం. డిస్కుకి రెండు వైపులా ప్యాడ్ ఉంటుంది కాబట్టి దాన్ని మళ్లీ రెండుతో గుణించాలి. ఇక్కడ చాలామంది పప్పులో కాలేసేది పిస్టన్ల దగ్గర. ఫోర్ పిస్టన్ అంటే సింగిల్ పిస్టన్ కంటే నాలుగు రెట్లు బలం అనుకుంటారు. మీ కొత్తదానిలాంటి ఫిక్స్‌డ్ క్యాలిపర్‌లో ఒక పక్కనున్న పిస్టన్ల వైశాల్యమే లెక్కలోకి వస్తుంది, ఎదుటి పక్క పిస్టన్లు దానికి ఎదురుబలం ఇస్తాయంతే. మీ పాతదానిలాంటి స్లైడింగ్ క్యాలిపర్‌లో ఆ ఎదురుబలాన్ని క్యాలిపర్ బాడీయే జరిగి ఇస్తుంది. మీ పాత క్యాలిపర్‌లో 57 మి.మీ. పిస్టన్ ఉందనుకుంటే దాని వైశాల్యం 25.5 చదరపు సెంటీమీటర్లు. కొత్తదానిలో ఒక పక్క 38, 42 మి.మీ. పిస్టన్లు ఉంటే రెండూ కలిపి 25.2. అంటే నొక్కే బలం పెరగలేదు, పిసరంత తగ్గింది కూడా. పెడల్ ప్రయాణం పాతలాగే ఉండడానికి మంచి కిట్ చేసేవాళ్లు కావాలనే అలా చేస్తారు. పిస్టన్ సైజులు చెప్పకుండా ఎన్ని పిస్టన్లో మాత్రమే చెప్పి అమ్మే కిట్‌ని నేనైతే కొనను.

మీ కిట్‌లో నిజంగా పెరిగినవి రెండే. ఒకటి వ్యాసార్ధం: ప్యాడ్ మధ్యభాగం పట్టుకునే చోటు సుమారు 115 మి.మీ. నుంచి 140 కి వెళ్లింది, అంటే 22 శాతం ఎక్కువ. రెండోది ప్యాడ్: పాతదాని ఘర్షణ గుణకం 0.38, కొత్తది 0.48 అనుకుందాం. వెనక 34 మి.మీ. పిస్టన్, అంటే 9.1 చదరపు సెంటీమీటర్లు, 260 మి.మీ. డిస్క్ మీద 110 మి.మీ. వ్యాసార్ధం.

ఈ అంకెలు వేసి చూస్తే ఫ్యాక్టరీలో ముందు వాటా 74.6 శాతం. పెద్ద డిస్కులు మాత్రమే వేసి పాత ప్యాడ్ రకమే ఉంచి ఉంటే 77.9 అయ్యేది. కొత్త ప్యాడ్‌లు ముందు మాత్రమే వేయడంతో 81.7 కి చేరింది.

ఏడు శాతమే కదా అనిపిస్తుంది. తడి రోడ్డు మీద ఆ ఏడు శాతం ఏం చేస్తుందో చూడండి. టైరు పట్టు 0.5 ఉన్న రోడ్డు మీద ఫ్యాక్టరీ నిష్పత్తితో ముందు చక్రాలు లాక్ అయ్యే అంచు దాకా వెళ్తే 0.464 జీ వస్తుంది. మీ ఇప్పటి నిష్పత్తితో ముందు చక్రాలు 0.418 జీ దగ్గరే పట్టు వదిలేస్తాయి, ఆ సమయానికి వెనక టైర్లు చేయగలిగిన పనిలో చాలా భాగం చేయకుండానే ఉంటాయి. గంటకి 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి మొదటిదానికి దాదాపు 85 మీటర్లు, రెండోదానికి 94. అంత డబ్బు పెట్టాక తొమ్మిది మీటర్లు ఎక్కువ! మీకు దూరం పెరిగినట్టు అనిపించడం భ్రమ కాదు.

దీనికి ఒక సవరణ ఉంది. నాలుగు చక్రాలకీ విడివిడిగా ఏబీఎస్ ఉన్న బండిలో ముందు ఏబీఎస్ మొదలయ్యాక కూడా మీరు పెడల్ ఇంకా గట్టిగా తొక్కితే ముందు ప్రెషర్‌ని ఏబీఎస్ ఆపేస్తుంది, వెనకకి మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అప్పుడు పోయిన దూరంలో కొంత తిరిగి వస్తుంది. కానీ పెడల్ కింద టకటక మొదలవగానే చాలామంది పాదం అక్కడే ఆపేస్తారు, కొందరు సడలిస్తారు. కాబట్టి ఏబీఎస్ ఉంది కదా అని బ్యాలెన్స్ వదిలేయడం సరికాదు.

ముక్కు దిగడానికి కారణం కూడా ఇందులోనే ఉంది. వెనక చక్రాలు బ్రేకు పని చేస్తున్నప్పుడు వెనక సస్పెన్షన్ అమరిక బండి తోకని కిందికి లాగి పట్టుకుంటుంది. వెనక పని తగ్గితే ఆ లాగుడు తగ్గుతుంది, తోక లేస్తుంది, ముక్కు దిగినట్టు కనిపిస్తుంది. స్ప్రింగులు మార్చాలేమో అని ఇప్పుడే ఆలోచించకండి.

మరి వెనక బలం పెంచాలి కదా, వాల్వ్ తీస్తే తప్పేమిటి? మీ మిత్రుడి మాట పూర్తిగా తీసిపారేసేది కాదు. మీ ఇప్పటి 81.7 శాతంతో వాల్వ్ లేకపోయినా 1.08 జీ దాకా ముందు చక్రాలే మొదట లాక్ అవుతాయి, రోడ్డు టైర్లతో అంత దూరం వెళ్లరు. కాగితం మీద సరిపోతుంది. అసలు ప్రమాదం ప్యాడ్‌లు వేడెక్కాక వస్తుంది. పని ఎక్కువ చేసేది ముందు ప్యాడ్‌లు, ముందుగా ఫేడ్ అయ్యేవీ (వేడికి పట్టు తగ్గేవీ) అవే. కొండ దిగుతూనో, ట్రాక్ మీద నాలుగైదు రౌండ్ల తర్వాతో ముందు ప్యాడ్ గుణకం 0.48 నుంచి 0.30 కి పడిపోయిందనుకోండి, వెనకవి చల్లగా 0.38 దగ్గరే ఉన్నాయి. అప్పుడు ముందు వాటా 73.6 కి జారిపోతుంది. ఆ నిష్పత్తితో వాల్వ్ లేని బండికి 0.68 జీ దాటగానే వెనక చక్రాలే మొదట లాక్ అవుతాయి. అంటే బండి బాగున్నప్పుడు బాగానే ఉండి, మీకు బ్రేకు అత్యవసరమైన క్షణంలో, అదీ వేగంలో, తోక ఊపుతుంది. అలాంటి బండిని నేను నడపను, మరొకరికి ఇవ్వను.

ముందు చక్రం లాక్ అయితే స్టీరింగ్ పనిచేయదు, బండి తిన్నగా జారుతుంది. పాదం సడలిస్తే స్టీరింగ్ తిరిగి వస్తుంది. వెనక చక్రం లాక్ అయితే ఆ టైరుకి పక్కకి జారకుండా ఆపే శక్తి పోతుంది. బండి తిన్నగా ఉండడానికి ఆధారమే అది. చిన్న కదలిక వచ్చినా తిరిగిపోతుంది, చాలామంది చేతులు స్పందించేలోపే తిరిగిపోతుంది. అందుకే ఐక్యరాజ్యసమితి 13-హెచ్ నిబంధన కార్లకి 0.15 నుంచి 0.80 జీ దాకా ముందు ఇరుసే వెనకదానికంటే ఎక్కువ పట్టు వాడుకుంటూ ఉండాలని పెట్టింది. ఫ్యాక్టరీ 74.6 శాతానికి వాల్వ్ లేకపోతే 0.73 జీ దగ్గరే రేఖ దాటుతుంది, అంటే ఆపైన వెనక చక్రాలే మొదట లాక్ అవుతాయి. దాన్ని దాటనివ్వకుండా ఆపడానికే ఆ చిన్న ఇత్తడి ముక్క అక్కడ ఉంది.

వాల్వ్ పనితీరు గురించి ఒక అపోహ కూడా ఉంది. అది వెనక ప్రెషర్‌ని అన్నివేళలా తగ్గిస్తూ ఉండదు. ఒక స్థాయి దాకా, ఉదాహరణకి 40 బార్ (ప్రెషర్ కొలమానం) దాకా, ముందూ వెనకా ఒకే ప్రెషర్ పోతుంది. ఆ మలుపు దాటాక వెనకకి పెరుగుదల నెమ్మదిస్తుంది. కాబట్టి తడి రోడ్డు మీద, మామూలు బ్రేకింగ్‌లో, ఆ వాల్వ్ లేనట్టే లెక్క. మీ తడి రోడ్డు సమస్య దాన్ని తీసినా పోదు!

ఇంకో సంగతి, చాలా కొద్దిమందే ఆలోచించేది. వాల్వ్ మలుపు బార్‌లలో ఉంటుంది, జీ లలో కాదు. మీ బండిలో ఫ్యాక్టరీ బ్రేకులతో 40 బార్ అంటే సుమారు 0.56 జీ. బ్రేకుల పట్టు మొత్తంగా పెంచారంటే అదే 40 బార్‌కి బండి ఇంకా గట్టిగా ఆగుతుంది, అంటే వాల్వ్ ఆలస్యంగా రంగంలోకి దిగుతుంది. ముందూ వెనకా కలిపి ఒకటిన్నర రెట్లు పట్టు పెరిగితే మలుపు 0.84 జీ దగ్గరికి పోతుంది. నిష్పత్తి మారకపోయినా సరే, వాల్వ్ చేసే కాపలా తగ్గిపోతుంది. ‘నాలుగు చక్రాలకీ సమానంగా పెంచాను కాబట్టి బ్యాలెన్స్ చెడలేదు’ అనేవాళ్లు మర్చిపోయేది దీన్నే.

ఇప్పుడు ఆ వెనక కిట్ సంగతి చూద్దాం. మామూలుగా అమ్మే వెనక ఫోర్ పిస్టన్ క్యాలిపర్‌లో 28 మి.మీ. పిస్టన్లు ఉంటే ఒక పక్క రెండూ కలిపి 12.3 చదరపు సెంటీమీటర్లు. 300 మి.మీ. డిస్క్ మీద వ్యాసార్ధం 128. ముందూ వెనకా ఒకే ప్యాడ్ వేస్తే ముందు వాటా 69 శాతానికి పడిపోతుంది. 0.46 జీ దాటిన దగ్గర నుంచి వెనక చక్రాలే మొదట లాక్ అయ్యే బండి అది. వాల్వ్ మలుపు ఎక్కడికి పోతుందంటే 0.92 జీ కి. అంటే మీరు నిజంగా గట్టిగా బ్రేక్ వేసే ప్రాంతమంతా ఏ కాపలా లేకుండా ఉంటుంది. అలాంటి వెనక కిట్ బరువు వెనక ఎక్కువున్న బండికి సరిపోవచ్చు. వెనక ఇంజన్ ఉన్న పోర్షా 911 లో నిలబడి ఉన్నప్పుడే బరువు సుమారు 39/61, ఇదే 0.2 లెక్క వేస్తే 1 జీ దగ్గర కూడా 59/41 దాటదు. దానికి పెద్ద వెనక బ్రేకులు కావాలి. మీ బండికి అక్కర్లేదు. చక్రాల సందుల్లోంచి ఎర్ర క్యాలిపర్లు నాలుగూ కనిపించాలన్న కోరిక ఉంటే అది వేరే సంగతి, దానికి రంగు డబ్బా చాలు.

ఇక నేను చేయమనేది. ముందు వేసిన ప్యాడ్ రకాన్నే వెనక కూడా వేయండి. పాత డిస్కులు, పాత క్యాలిపర్లు అలాగే. లెక్క వేస్తే ముందు వాటా 81.7 నుంచి 77.9 కి దిగుతుంది. వెనక చక్రాలు మొదట లాక్ అయ్యే రేఖ 0.9 జీ దగ్గర ఉంటుంది, వాల్వ్ మలుపు 0.81 జీ దగ్గర. అంటే రేఖకి చేరకముందే వాల్వ్ అందుకుంటుంది, కావలసింది అదే. తడి రోడ్డు మీద ఆ తొమ్మిది మీటర్లలో దాదాపు సగం వెనక్కి వస్తుంది. మొత్తం రావాలంటే ఇంకా వెనకకి పంచాలి, కానీ అప్పుడు పొడి రోడ్డు మీద హద్దు దాటుతారు. ఈ రెండింటి మధ్య ఎక్కడో ఒకచోట ఆగాల్సిందే, ఆగేటప్పుడు ఎప్పుడూ ముందు వైపుకే ఆగండి.

వెనకకి 290 మి.మీ. డిస్క్, క్యాలిపర్‌ని బయటికి జరిపే బ్రాకెట్ కూడా దొరుకుతాయి. అవి వేస్తే వెనక ప్యాడ్ ముందుదానికంటే ఒక మెట్టు తక్కువ పట్టున్నది ఎంచుకోండి. గుణకం 0.42 దగ్గర ఉంటే మళ్లీ అదే 78 శాతం. తేడా అల్లా వేడి భరించడంలోనే. మీ వెనక డిస్కులు నిజంగా వేడెక్కుతున్నాయని కొలిచి తెలుసుకున్నాక దాని గురించి ఆలోచించవచ్చు.

ప్యాడ్‌లు ఎంచుకునేటప్పుడు వాటి అంచు మీద ఘర్షణ గుణకం చెప్పే రెండు ఇంగ్లిష్ అక్షరాల కోడ్ చూడండి. ఈ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55, హెచ్ అంటే అంతకు పైన. మొదటి అక్షరం మామూలు వేడిలో, రెండోది బాగా కాగినప్పుడు. ఒక్కో అక్షరం పరిధి ఎంత వెడల్పో చూశారుగా, రెండు ప్యాడ్‌లకీ ఎఫ్ ఎఫ్ అనే ఉన్నా పట్టులో పావు వంతు తేడా ఉండొచ్చు. అందుకే ఒకే తయారీదారు ఒకే రకం ముందూ వెనకా తీసుకుంటే ఊహ తగ్గుతుంది. పూర్తి రేసింగ్ ప్యాడ్‌లు వెనక వేయకండి. వెనక డిస్కులు వాటికి కావలసిన వేడికి చేరవు, చల్లగా ఉన్నప్పుడు వాటి పట్టు తక్కువ. మీరు వెనక బలం పెంచామనుకుంటారు, రోడ్డు మీద అది తగ్గి ఉంటుంది.

ఒకవేళ మీ బండిలో ఇత్తడి వాల్వ్ కాకుండా ఈబీడీ (ముందూ వెనకా బ్రేకు బలాన్ని ఎలక్ట్రానిక్స్‌తో పంచేది) మాత్రమే ఉంటే కథ కొంచెం మారుతుంది. ఈబీడీ ప్రెషర్‌ని చూడదు, ముందు చక్రాల వేగంతో వెనక చక్రాల వేగాన్ని పోల్చి, వెనకవి జారడం మొదలవగానే వాటికి ప్రెషర్ పెరగకుండా ఆపుతుంది. కాబట్టి చిన్న చిన్న తప్పులను అది కప్పేస్తుంది. దీన్ని చూసుకుని పెద్ద తప్పు చేయకండి. ఆ సాఫ్ట్‌వేర్ ఫ్యాక్టరీ క్యాలిపర్ ఎంత ద్రవం తాగుతుంది, ఒక్క బార్‌కి ఎంత టార్క్ ఇస్తుంది అన్న అంచనాతో రాసింది. అంచనా చాలా తప్పితే ప్రెషర్ వదలడం, మళ్లీ ఎక్కించడం మొరటుగా జరుగుతుంది. బండి తిరగకుండా చూసే ఈఎస్‌సీ కూడా ఒక్కో చక్రానికి ఇదే అంచనాతో బ్రేక్ వేస్తుంది. ఏబీఎస్ దీపం వెలిగిందంటే ఈబీడీ కూడా పోయి ఉండొచ్చు. వెనక బలం ఎక్కువ పెట్టిన బండిలో ఆ దీపం వెలిగిన రోజు జాగ్రత్త.

వెనక ఇరుసుకి కడ్డీతో కలిపిన లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఉన్న బండ్లలో స్ప్రింగులు పొట్టివి వేస్తే వాల్వ్ మోసపోతుంది. బండి కిందికి దిగింది కాబట్టి డిక్కీలో సామాను ఎక్కువుందనుకుని వెనకకి ఎక్కువ ప్రెషర్ పంపుతుంది. కడ్డీని సరిచేయించాలి. ఎత్తు తగ్గించినా మిగతా లెక్క పెద్దగా మారదు: గురుత్వ కేంద్రం 25 మి.మీ. తగ్గితే 1 జీ దగ్గర ముందుకి మారే బరువు 280 కి బదులు 267 కిలోలు, అంతే. టైర్లు మాత్రం మారుస్తాయి. ట్రాక్ టైర్లతో 1.2 జీ వస్తే సరైన నిష్పత్తి 84/16. మంచి టైర్లు వేశాం కాబట్టి వెనక బ్రేకు కూడా పెంచాలి అనుకుంటారు, జరగాల్సింది దానికి సరిగ్గా ఎదురు. వెనక సీట్లు, స్టెప్నీ పీకేసి బరువు తగ్గించినా అంతే, వెనక టైర్లకి పని తగ్గుతుంది.

చేత్తో తిప్పే సర్దుబాటు వాల్వ్ పెట్టాలనిపిస్తే రెండు మాటలు. మొదటిది, ఫ్యాక్టరీ వాల్వ్‌తో పాటు వరసగా ఇంకోటి పెట్టకండి, రెండింటి ప్రభావం కలిసిపోయి ఏది ఏం చేస్తోందో తెలియదు. రెండోది మీ బండికి ముఖ్యం. ఫ్రంట్ వీల్ డ్రైవ్ బండ్లలో ఎక్కువగా సర్క్యూట్లు ఐమూలగా విడిపోయి ఉంటాయి, ముందు ఎడమ చక్రం వెనక కుడితో, ముందు కుడి వెనక ఎడమతో. వెనకకి పోయే లైన్లు రెండూ వేర్వేరు సర్క్యూట్లు. ఒకే వాల్వ్ సరిపోవడానికి ఆ రెండింటినీ కలిపేసేవాళ్లు ఉన్నారు. అలా చేశాక ఒకచోట లీకైతే నాలుగు చక్రాల బ్రేకూ పోతుంది. దయచేసి ఎవరినీ అలా చేయనివ్వకండి. ముందు లైన్‌లో అయితే ఆ వాల్వ్ ఎప్పుడూ పెట్టకూడదు.

మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ప్రెషర్ పుట్టించేది) పెద్దది వేస్తే బ్యాలెన్స్ మారుతుందా అని కూడా అడిగారు. మారదు. రెండు సర్క్యూట్లకీ ఒకే ప్రెషర్ పోతుంది కాబట్టి నిష్పత్తి అలాగే ఉంటుంది. పెడల్ ప్రయాణం, పాదం పెట్టాల్సిన బలం మారతాయి. 23.8 మి.మీ. నుంచి 25.4 కి వెళ్తే పెడల్ గట్టిపడుతుంది, అదే పాదం బలానికి ప్రెషర్ 12 శాతం తగ్గుతుంది. మీ కిట్ పిస్టన్ వైశాల్యం పాతదే కాబట్టి మీకు అవసరం లేదు. ముందుకొకటి వెనకకొకటి సిలిండర్లు, మధ్యలో బ్యాలెన్స్ బార్ పెట్టేది పూర్తి రేసు బండికి, రోడ్డు బండికి కాదు. స్టీల్ అల్లిక గొట్టాలు, కొత్త ద్రవం పెడల్‌కి మంచివే, బ్యాలెన్స్‌కి సంబంధం లేదు. డాట్ 4 రకం బ్రేక్ ద్రవానికి కనీసం 230 డిగ్రీల మరుగు స్థానం ఉండాలి, తేమ పట్టాక అది 155 కి పడిపోవచ్చు. అంతకంటే చెప్పడానికేం లేదు.

అసలు పెద్ద డిస్కుల లాభమేమిటి మరి? వేడి. ఒక్కసారి ఆపడానికి ఫ్యాక్టరీ బ్రేకులు చాలు, అవి చక్రాన్ని లాక్ చేయగలిగితే ఆపైన దూరం నిర్ణయించేది టైరే. కానీ 1400 కిలోల బండిని గంటకి 200 నుంచి 80 కి తెస్తే 18 లక్షల జౌళ్లకి పైగా శక్తి వేడిగా మారాలి. అందులో మూడు వంతులకి పైగా రెండు ముందు డిస్కుల మీద పడుతుంది. ఎనిమిది కిలోల ఇనుప డిస్కు ఒక్కొక్కటీ ఆ ఒక్క బ్రేక్‌కే రమారమి 190 డిగ్రీలు పెరుగుతుంది. చల్లారకముందే మళ్లీ మలుపు వస్తుంది. అక్కడ మీ 330 మి.మీ. డిస్కులు డబ్బుకి న్యాయం చేస్తాయి. ఊళ్లో సిగ్నల్ దగ్గర కాదు.

ప్యాడ్‌లు వేశాక బెడ్డింగ్ (వరసగా బ్రేకులు వేసి కొత్త ప్యాడ్‌ని డిస్కుకి అలవాటు చేయడం) సరిగ్గా చేయండి, ముందూ వెనకా రెండూ. వెనకవి వేడెక్కడం కష్టం కాబట్టి ఇంకొన్ని సార్లు ఎక్కువ వేయాలి. పెట్టె మీద రాసిన పద్ధతే పాటించండి. తర్వాత వాహనాలు తిరగని, తిన్నగా ఉన్న, పొడి చోట గంటకి 60 కిలోమీటర్ల నుంచి మొదలుపెట్టి, పెడల్ బలం కొద్దికొద్దిగా పెంచుతూ ఆపండి. బయట ఒకరు నిలబడి చక్రాలను ఫోన్‌లో తీస్తే ఏ చక్రం మొదట జారుతోందో తెలుస్తుంది, డ్రైవర్ సీట్లో ఉన్నవాళ్లకి అది సరిగ్గా తెలియదు. ముందువే మొదట జారాలి. వెనకవి మొదట జారినా, తోక కొంచెం కదిలినా అక్కడితో ఆపి వెనక ప్యాడ్ మెత్తది వేయండి. వేగం పెంచి మళ్లీ చూద్దామనుకోకండి. ఏబీఎస్ ఫ్యూజు తీసి పరీక్ష చేయమని కొందరు చెబుతారు. దానితో ఈబీడీ కూడా పోతుంది కాబట్టి, ముందు తక్కువ వేగంలో ఫలితం చూడనిదే అలా చేయొద్దు.

వర్క్‌షాపులో ప్రెషర్ గేజులు రెండు ఉంటే ముందు ఒక బ్లీడ్ నిపుల్‌కి (క్యాలిపర్‌లోంచి గాలి తీసే మరకి), వెనక ఒకదానికి తగిలించి, ఇంజన్ ఆన్‌లో ఉంచి పెడల్ నెమ్మదిగా తొక్కమనండి. రెండు అంకెలూ ఎక్కడ విడిపోతున్నాయో అదే మీ వాల్వ్ మలుపు. నేను 40 బార్ అనుకుని లెక్క వేశాను. మీ బండిలో అది 30 అయితే వెనకకి ఇంకొంచెం చోటుంది, 55 అయితే ముందున్న రకమే వెనక వేయకుండా ఒక మెట్టు తక్కువది వేయండి. పిస్టన్ వ్యాసాలు కూడా క్యాలిపర్ మీద పోతపోసిన అంకెలు చూసో, విప్పినప్పుడు వర్నియర్‌తో కొలిచో రాసుకోండి. ఆ నాలుగైదు అంకెలు పంపితే మీ బండికి సరిగ్గా లెక్క వేసి చెబుతాను. అప్పటిదాకా వెనక కిట్‌కి అడ్వాన్స్ ఇవ్వకండి.